అంబులెన్సు ఖర్చు ఎవరి నెత్తిన? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక జిల్లాలో కొన్నేళ్లపాటు అంబులెన్సుల ట్రిప్ షీట్లు, బిల్లుల పని చూశాను. ఆ పని మానేసినా ప్రశ్నలు మానలేదు. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు పక్కకు పిలిచి "మొన్న అంబులెన్సుకి తొమ్మిది వేలు పెట్టాం, ఏమైనా తిరిగొస్తుందా?" అని అడుగుతుంటారు. పదేపదే వినే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

108కి ఫోన్ చేస్తే ఏమైనా కట్టాలా?

కట్టక్కర్లేదు. ఫోను, బండి, దారిలో పెట్టే ఆక్సిజన్, సెలైన్ అన్నీ ఉచితం. కార్డులున్నాయా అని కూడా అడగరు. డీజిల్ డబ్బులని ఎవరైనా చెయ్యి చాపితే ఇవ్వకండి. బండి నంబరు చూసుకుని మళ్లీ 108కే ఫోన్ చేసి చెప్పండి. కాన్పు బాగా జరిగిందని సంతోషంతో ఇంటివాళ్లే జేబులో పెట్టడమూ ఉంది. అదీ వద్దు. మీరిచ్చిన సంతోషం తర్వాతి ఇంటికి రేటు అయి కూర్చుంటుంది.

మరి ఆ డబ్బు ఎవరు పెడుతున్నారు?

108 పుట్టింది హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు పెట్టిన ఈఎమ్‌ఆర్ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని మొదలుపెట్టింది. అంటే తొలి రోజుల్లో అది ఒక కంపెనీ పెద్దల దాతృత్వం. ఆ తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేయి కలిపి, నడిపే ఖర్చు తలకెత్తుకుంది. కుయ్ కుయ్ మని వచ్చే బండి పల్లెల్లో అందరికీ తెలిసింది అప్పుడే.

2009 జనవరి 7న సత్యం లెక్కలు తప్పని రామలింగరాజు ఒప్పుకున్న రోజున, షేర్ల సంగతి సరే, ఈ బండ్ల గతేమిటని కూడా చాలామంది కంగారుపడ్డారు. బండ్లు ఆగలేదు. అప్పటికే నడిపే డబ్బు ఎక్కువగా ప్రభుత్వానిది కావడమే కారణం. ఆ ఏడాదే జీవీకే సంస్థ నిర్వహణలోకి వచ్చింది. ఇప్పుడు తెలంగాణలో అదే సంస్థ ఈఎమ్‌ఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ పేరుతో నడుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో టెండరు మారినప్పుడల్లా నిర్వాహకులు మారుతూ వచ్చారు.

కేంద్రం వాటా జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వస్తుంది. మన రెండు రాష్ట్రాలకు ఆ మిషన్‌లో లెక్క కేంద్రం 60, రాష్ట్రం 40. అయితే 108 నడిపే ఖర్చుకు తొలినాళ్లలో పెట్టిన నిబంధన వేరు: మొదటి ఏడాది 60 శాతం ఇస్తాం, రెండో ఏడాది 40, ఆపైన 20. రాష్ట్రాలు నెమ్మదిగా సొంత కాళ్ల మీద నిలబడాలని ఉద్దేశం. బండి వయసు పెరిగేకొద్దీ రిపేరు ఖర్చు పెరుగుతుంది, సాయమేమో తగ్గుతుంది. ఆ రెండు గీతలు ఎక్కడ ఢీకొంటాయో షెడ్డులో మెకానిక్‌ని అడిగినా చెప్తాడు.

నడిపే సంస్థకు ప్రభుత్వం ఏ లెక్కన చెల్లిస్తుంది?

దేశమంతా చూస్తే మూడు పద్ధతులున్నాయి. నెలకు బండికి ఇంత అని ఇవ్వడం, తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఇవ్వడం, చేర్చిన కేసుకు ఇంత అని ఇవ్వడం. కొన్నిచోట్ల రెండు కలిపి రాస్తారు.

నెలవారీ పద్ధతిలో బండి కదిలినా కదలకపోయినా డబ్బు వస్తుంది కాబట్టి కదలకపోవడం లాభం. కిలోమీటర్ల పద్ధతిలో పక్కనున్న ఆసుపత్రి వదిలేసి దూరపు ఆసుపత్రికి పోవడం లాభం. కేసుల పద్ధతిలో, నడిచి రాగలిగిన మనిషిని కూడా ఎక్కించి కేసు రాసుకోవడం లాభం. మూడింటికీ మందు ఒక్కటే, తనిఖీ. జీపీఎస్, ఓడోమీటరు (తిరిగిన కిలోమీటర్లు చూపే మీటరు) ఫొటో, ఆసుపత్రి సంతకం అన్నీ అందుకే వచ్చాయి. ఆలస్యానికి కోతలు కూడా ఉంటాయి. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కొత్త బండ్లకు జెండా ఊపినప్పుడు ఆంధ్రప్రదేశ్ పెట్టుకున్న గడువులు: పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30.

నన్నడిగితే నెలవారీ పద్ధతే నయం. దానికి ఆలస్యాల కోతను గట్టిగా జోడించాలి. ఎందుకో తర్వాతి ప్రశ్నలో ఉంది.

మా మండలం బండి సగం రోజు చెట్టు కింద ఊరికే ఉంటుంది. దానికీ డబ్బు ఇవ్వాలా?

దానికే ఇవ్వాలి. ఈ ప్రశ్న ఊళ్లో వాళ్లే కాదు, ఆడిటర్లూ అడుగుతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఫైరింజను ఈ నెలలో ఎన్ని మంటలార్పిందని లెక్కగట్టి ఫైర్‌స్టేషన్‌కి జీతాలివ్వం కదా. అంబులెన్సు కూడా అంతే. మీ ఇంట్లో ఎవరికో గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు అది పది నిమిషాల్లో రావాలంటే, అంతకు ముందు గంటసేపు ఎక్కడో ఖాళీగా ఉండి ఉండాలి. ఎప్పుడూ తిరుగుతూ ఉండే బండి మీరు పిలిచినప్పుడు ఎప్పుడూ దొరకదు. మనం కొనేది ప్రయాణాన్ని కాదు, సిద్ధంగా ఉండటాన్ని. అయినా లెక్క రాసేటప్పుడు మాత్రం "ట్రిప్పుకు ఎంత పడింది?" అని భాగహారం చేస్తాం. రోజుకు ఒక్క కేసు వచ్చే మండలంలో ఆ సంఖ్య భయంకరంగా కనిపిస్తుంది. వెంటనే ఎవరో ఒకరు ఆ బండిని పట్నానికి తరలిద్దామంటారు.

ఇక సిద్ధంగా ఉండటానికి ఏం ఖర్చవుతుందో చూడండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక్క సీటు నిండటానికి ముగ్గురున్నర మంది కావాలి. బండిలో రెండు సీట్లు: వైద్యం చూసే ఈఎమ్‌టీ ఒకరు, నడిపే పైలట్ ఒకరు. డ్రైవరు అంటే వాళ్లకు నచ్చదు, పైలట్ అనాలి. అంటే బండికి ఏడుగురు. ఇద్దరు పగలు, ఇద్దరు రాత్రి, సెలవులకు ఒకరో ఇద్దరో అని సరిపెడితే పన్నెండు గంటల డ్యూటీలు తప్పవు. ఎనిమిది గంటల డ్యూటీ కావాలని ఉద్యోగ సంఘాలు అడిగేది ఈ లెక్క మీదే. దీని మీద డీజిల్, టైర్లు, ఇన్సూరెన్సు, ఆక్సిజన్ రీఫిల్లింగ్, కాల్ సెంటర్. పెద్ద బండి అయితే వెంటిలేటరు, మానిటరు, వాటి సర్వీసింగ్.

ఎంత జనాభాకు ఎన్ని బండ్లు ఉండాలి?

ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం లక్ష మందికి ఒక సాధారణ బండి, అంటే బీఎల్ఎస్. ఐదు లక్షల మందికి వెంటిలేటరు ఉన్న ఏఎల్ఎస్ ఒకటి. మైదానంలో ఇది పరవాలేదు. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు వైపు జనాభా లెక్క పనికిరాదు. అక్కడ లెక్కపెట్టాల్సింది తలకాయల్ని కాదు, మలుపుల్ని. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి డోలీ కట్టి మోసుకొస్తే తప్ప బండి దాకా రాలేని గూడేలు ఇంకా ఉన్నాయి. అందుకే ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో బైకుకు తొట్టి కట్టిన ఫీడర్ అంబులెన్సులు తెచ్చింది. ఆలోచన మంచిదే. కానీ పైన చెప్పిన మూడు చెల్లింపు పద్ధతుల్లో దేనిలో చూసినా వాటికి వచ్చే బిల్లు చిన్నది, పడే కష్టం పెద్దది.

బిల్లులు నెలల తరబడి ఎందుకు ఆగుతాయి?

ఒక్క షీటు కథ చెప్తాను. ఓ రాత్రి రెండున్నరకు బండిలోనే కాన్పు అయింది. ట్రిప్ షీటులో బయలుదేరినప్పటి రీడింగు 41,260. చేరినప్పటి రీడింగు దగ్గర ఈఎమ్‌టీ 41,291 రాయబోయి 41,219 అని రాశాడు. అంటే కాగితం ప్రకారం బండి 41 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. షీటు వెనక అదే పెన్నుతో "మగ, 2.4" అని బిడ్డ బరువు రాసి ఉంది. ఆ షీటు తిరిగొచ్చింది. దానితోపాటు ఆ కట్ట మొత్తం తిరిగొచ్చింది, "సరిచేసి పంపగలరు" అన్న ముక్కతో. సరిచేయాలంటే ఆసుపత్రిలో ఆ రాత్రి సంతకం పెట్టినవారే మళ్లీ పెట్టాలి. ఆవిడ బదిలీ అయిపోయారు. చివరికి నా దగ్గరున్న ఓడోమీటరు ఫొటో ప్రింటు తీసి జత చేస్తే, మసగ్గా ఉందన్నారు.

ఇది కింది మెట్టు. పైన ఇంకో నాలుగు మెట్లున్నాయి. కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు రావాలి. అక్కడి నుంచి రాష్ట్ర ఆరోగ్య సొసైటీకి రాష్ట్రం వాటాతో కలిపి చేరాలి. పోయినసారి డబ్బు ఖర్చు పెట్టినట్టు యూసీ, అంటే వినియోగ పత్రం పంపితే గానీ తర్వాతి విడత రాదు. బిల్లు రాకపోతే ఖర్చు చూపలేం, ఖర్చు చూపకపోతే బిల్లుకు డబ్బు రాదు. ఈ ముడి ఎక్కడ విప్పాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. "టోకెన్ పడింది సార్, డబ్బు పడలేదు" (అంటే బిల్లు ఖజానాలో నమోదై నంబరు వచ్చింది, చెల్లింపు మాత్రం కాలేదు) అన్న మాట నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నాను. మార్చి నెలాఖరు టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

జీతాలు ఆగితే బండి ఆగదా?

సాధారణంగా ఆగదు. అదే బాధ. డీజిల్ బంకువాడు రెండు నెలల బాకీకి మొహం చాటేస్తాడు, టైర్ల షాపువాడు ఫోన్ ఎత్తడు. మిగిలేది సిబ్బంది. వాళ్లు ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు మనుషులు. జీతం లేటయినా డ్యూటీ ఎక్కుతారు, ఎందుకంటే ఎక్కకపోతే పోయేది ఎవరి ప్రాణమో వాళ్లకు తెలుసు. ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నది నిజానికి వాళ్లే. టెండరు మారినప్పుడు ఇంకో తిప్పలు: పాత సంస్థ ఇవ్వాల్సిన బకాయి, గ్రాట్యుటీ కొత్త సంస్థ తనది కాదంటుంది. బండి అదే, మనిషి అదే, యూనిఫాం మీద పేరు మాత్రం మారుతుంది.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డు ఉంటే ప్రైవేటు అంబులెన్సు డబ్బు తిరిగొస్తుందా?

రాదు. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు చికిత్సకే. ఇంటి నుంచి ఆసుపత్రికి మీరు మాట్లాడుకున్న బండి కిరాయి అందులో లేదు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో డిశ్చార్జి రోజు ఇంటికి వెళ్లే చార్జీలు ఉన్నాయి. అడగనివాళ్లే ఎక్కువ. డిశ్చార్జి కౌంటరు దగ్గర అడగండి. పెద్ద మొత్తం కాదు గానీ మీది మీరు తీసుకోవాలి.

ఈ పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులది, అంటే నెట్‌వర్క్ ఆసుపత్రులది ఇంకో గోల. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు చెల్లించలేదని సేవలు ఆపారు. ఆసుపత్రి కేసు తీసుకోనంటే 108 బండి స్ట్రెచర్‌తో సహా గుమ్మంలో ఇరుక్కుపోతుంది, లేదా ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతుంది. ఒక చోటి బకాయి ఇంకో చోట ఆలస్యంగా బయటపడుతుంది.

హెల్త్ ఇన్సూరెన్సు ఉంది. అంబులెన్సు బిల్లు ఇస్తారా?

చాలా పాలసీలు ఇస్తాయి, కొద్దిగా. 2020లో అన్ని కంపెనీలూ అమ్మేలా బీమా నియంత్రణ సంస్థ తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో ఒక అడ్మిషన్‌కు 2,000 రూపాయల దాకా. ఆ రెండు వేలతో పట్నంలో ఆ వీధి నుంచి ఈ వీధికి రావచ్చు. జిల్లా కేంద్రం నుంచి హైదరాబాదుకో, విశాఖకో వెంటిలేటరు బండిలో వస్తే మిగతాది మీ జేబు. కొన్ని ఖరీదైన పాలసీల్లో పరిమితి ఎక్కువ, మీ పాలసీ కాగితంలో "రోడ్ అంబులెన్స్" అన్న పదం వెతకండి.

సాధారణంగా అడ్మిట్ అయితేనే ఇస్తారు. అవుట్‌పేషెంటుగా చూపించుకుని ఇంటికొస్తే రాదు. రసీదు మీద బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, రోగి పేరు ఉండాలి. మా బంధువుల్లో ఒకాయనకు ఇచ్చిన రసీదు మీద "అంబులెన్స్ చార్జి 6,500" అని తప్ప ఇంకేమీ లేదు. క్లెయిమ్ వెనక్కొచ్చింది. ఆ డ్రైవరును వెతికి పట్టుకుని మళ్లీ రాయించుకోవడానికి వెయ్యి రూపాయల పెట్రోలు అయింది.

రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలితే ఎవరు కడతారు?

ఇక్కడ మాత్రం పరిస్థితి కొంత మెరుగైంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో గోల్డెన్ అవర్‌లో, అంటే దెబ్బ తగిలిన మొదటి గంటలో నగదు రహిత చికిత్స ఇవ్వాలని రాశారు. పథకం మాత్రం రాలేదు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో గట్టిగా చెప్పాక, అదే ఏడాది మే 5 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు, మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స. గాయపడ్డవాళ్లు ఎవరైనా సరే, బండికి ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా సరే. ఆసుపత్రి పథకంలో చేరినదై ఉండాలి. చేరనిచోట ప్రాణం నిలబెట్టే మొదటి చికిత్స వరకే వర్తిస్తుంది.

ఆసుపత్రికి డబ్బు మోటారు వాహన ప్రమాద నిధి నుంచి వస్తుంది. క్లెయిమ్ ఆమోదించాక పది రోజుల్లో చెల్లించాలని నిబంధన. ఆ పది రోజులు నిజంగా పది రోజులే అయితే గేటు దగ్గర "ముందు యాభై వేలు కట్టండి" అనే మాట తగ్గుతుంది. గాయపడ్డవారిని చేర్చినవాళ్లను పోలీసులు, కోర్టులు వేధించకూడదని చట్టంలోనే ఉంది. భయపడకండి.

గర్భిణికి ఏ నంబరు?

నొప్పులు మొదలై అత్యవసరమైతే 108. పరీక్షలకు వెళ్లి రావడానికి తెలంగాణలో 102 అమ్మఒడి బండ్లు. ఆంధ్రప్రదేశ్‌లో బాలింతను ఇంటికి దించేది తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు రాకా పోకా రెండూ ఉచితం. పోక సంగతి చాలామందికి తెలియక, పసిబిడ్డతో ఆటో మాట్లాడుకుంటున్నారు.

ప్రైవేటు అంబులెన్సు అంత ఎందుకు అడుగుతుంది?

కొంత న్యాయం, కొంత అన్యాయం. తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలి కాబట్టి రెండువైపులా లెక్కేస్తారు, అది న్యాయం. వెంటిలేటరు బండికి టెక్నీషియన్ కావాలి, అదీ న్యాయం. ఆసుపత్రి ఆవరణలోకి బయటి బండిని రానివ్వకపోవడం మాత్రం దౌర్జన్యం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర అడిగినంత ఇచ్చుకోలేక ఒక తండ్రి తన కొడుకు మృతదేహాన్ని బైకు మీద తీసుకెళ్లిన ఫొటో రాష్ట్రమంతా చూసింది. 108 మృతదేహాలను తీసుకెళ్లదు. దానికి మహాప్రస్థానం బండ్లు వేరే ఉన్నాయి. అవి ఎన్ని ఉన్నాయి, రాత్రిపూట ఎక్కడున్నాయి అన్నదే సమస్య.

రోగుల రవాణాకు జీఎస్టీ లేదు, అంబులెన్సుకు టోల్ లేదు. ఈ రెండూ కలిపి బిల్లు వేస్తే ప్రశ్నించండి. ఎక్కించే ముందే అడగాల్సినవి: మొత్తం ఎంత, తిరుగు ప్రయాణంతో కలిపా, ఆక్సిజన్ విడిగానా, ఆసుపత్రిలో బెడ్ దొరక్క ఇంకో ఆసుపత్రికి వెళ్తే ఎంత. ఏడుస్తున్న మనిషి బేరం ఆడలేడు. పక్కింటివాళ్లెవరైనా ఆ పని చెయ్యాలి.

మా అమ్మానాన్న అమెరికా వెళ్తున్నారు. అక్కడ 911కి ఫోన్ చేస్తే?

ప్రాణం మీదికొస్తే ఆలోచించకుండా చేయమనండి. బిల్లు మాత్రం వస్తుంది. అక్కడ అంబులెన్సును చాలా ఏళ్లుగా వైద్యంగా కాక రవాణాగా చూశారు. వృద్ధుల బీమా మెడికేర్ కూడా మూల రేటు, మైలు లెక్కన కడుతుంది. ఇంటికొచ్చి చికిత్స చేసి, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా వదిలేస్తే సాధారణంగా పైసా ఇవ్వదు. ఊహించని బిల్లుల నుంచి కాపాడే చట్టం 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. హెలికాప్టర్ అంబులెన్సును అందులో చేర్చి, రోడ్డు మీద తిరిగేదాన్ని వదిలేశారు. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు రోడ్డు అంబులెన్సు పరిమితి ఎంతో చూడండి, పిల్లల పాలసీలో తల్లిదండ్రులు ఉంటారనుకోకండి.

ఉన్నవాళ్ల దగ్గర 108కి రెండు మూడు వందలు తీసుకుంటే నష్టమేంటి?

ఈ సలహా బాగా చదువుకున్నవాళ్ల దగ్గర ఎక్కువ వింటాను. నష్టం ఇది: అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందు చెప్పేది "గ్యాసేమోలే, పొద్దున చూద్దాం" అని. ఆ "చూద్దాం"కి మూడు వందల రూపాయల బలం కూడా తోడవుతుంది. పైగా ఆ మూడు వందలకు రసీదు, దానికొక ఖాతా, ఆ ఖాతాకొక ఆడిట్. వచ్చేదానికంటే వసూలు ఖర్చే ఎక్కువ.

మా ఊరికి ఒక అంబులెన్సు కొనిద్దామనుకుంటున్నాం. ఎవరికి ఇవ్వాలి?

విదేశాల్లో ఉన్నవాళ్లు, ఊరి సంఘాలు తరచూ అడుగుతారు. ఎంపీ నిధులతోనూ అంబులెన్సు కొనవచ్చు. కానీ ఆ నిధులు కొనడానికే. రోజువారీ నడిపే ఖర్చుకు వాడకూడదు. కొనే ముందు ఒక కాగితం మీద డీజిల్ ఎవరు పోస్తారు, పైలట్ జీతం ఎవరిస్తారు, రెండేళ్ల తర్వాత టైర్లు ఎవరు వేయిస్తారు, రాత్రి ఫోన్ ఎవరెత్తుతారు అని రాసుకుని, పక్కన పేర్లు రాయండి. పేర్లు దొరక్కపోతే బండి కొనకండి. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు, సక్షన్ మిషన్ పనిచేస్తున్నాయో లేదో కనుక్కుని వాటిని బాగుచేయించండి.

నేను పనిచేసిన చోట ఓ ఆరోగ్య కేంద్రం వెనక వేపచెట్టు కింద దాతలిచ్చిన బండి ఒకటి ఉండేది. జెండా ఊపిన నాటి బంతిపూల దండ తీగ ఇంకా అద్దానికి వేలాడుతోంది. నాలుగు టైర్లూ గాలి పోయి నేలకంటాయి. మీటరు మీద 3,118 కిలోమీటర్లు. డోరు మీద దాతల కుటుంబంలో అందరి పేర్లూ, మనవల పేర్లతో సహా, ఎర్ర రంగులో అప్పుడే రాసినట్టు ఉన్నాయి.